ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్, ఈఎస్‌ఐ: మీ ఇంటికి ఏది పనికొస్తుంది?

మన ఇళ్ళల్లో బీరువా తెరిస్తే ఓ ప్లాస్టిక్ కవరు దొరుకుతుంది. అందులో రేషన్ కార్డు, అంచులు చిరిగిన పాత ఆరోగ్యశ్రీ కార్డు, ఊళ్ళో క్యాంపు పెట్టినప్పుడు తీసుకున్న ఆయుష్మాన్ కార్డు, పద్నాలుగు అంకెల ఆభా కార్డు, కంపెనీవాళ్ళు ప్రింట్ తీసి ఇచ్చిన ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కాగితం. ఇవి చాలవన్నట్టు బ్యాంకు ఖాతాలోంచి ఏటా ఒక 20 రూపాయలు, ఇంకో 436 రూపాయలు కట్ అవుతుంటాయి. ఇన్ని ఉన్నాయి కదా, ఏదో ఒకటి ఆదుకుంటుందిలే అనుకుంటాం. తీరా ఆస్పత్రి కౌంటర్ దగ్గర "ఏ కార్డు మీద అడ్మిట్ చేయమంటారు?" అని అడిగినప్పుడు మొదలవుతుంది టెన్షన్.

ముందు ఆ కవర్లోంచి తీసి పక్కన పెట్టాల్సినవి చెప్తాను. ఆభా కార్డు బీమా కాదు. మీ రిపోర్టులు, మందుల చీటీలు ఆన్‌లైన్లో ఒకచోట ఉండేందుకు ఇచ్చిన నంబరు అది, అంతే. పూర్తి పేరులో 'ఆయుష్మాన్ భారత్' అని ఉండడంతో చాలామంది అదే ఐదు లక్షల కార్డు అనుకుంటున్నారు. బ్యాంకులో కట్ అయ్యే 20 రూపాయలు సురక్షా బీమాది. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు ఇస్తారు. 436 రూపాయలు జీవనజ్యోతిది. మనిషి ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. రెండూ మంచివే, ఆపేయకండి. కాకపోతే ఆస్పత్రి బిల్లులో అవి ఒక్క రూపాయి కూడా కట్టవు.

ఇక మిగిలేవి ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్, ఈఎస్‌ఐ. వీటి పక్కన డబ్బు పెట్టి కొనుక్కునే ప్రైవేటు పాలసీ. అసలు పోలిక ఈ నాలుగింటి మధ్యే.

లక్షల అంకెను ఆఖర్న చూడండి

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది పరిమితి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని కుటుంబానికి ఏడాదికి 25 లక్షలు చేశారు. అదే నెల 9న తెలంగాణ 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. ఆయుష్మాన్‌కి 5 లక్షలు. ఈఎస్‌ఐ వైద్యానికి పైపరిమితి అంటూ లేదు. ఈ వరస చూసి 'మా రాష్ట్రమే నయం' అని వాదించుకునేవాళ్ళను టీ కొట్టు దగ్గర చాలామందినే చూశాను.

నిజానికి అపెండిక్స్, కిడ్నీలో రాళ్ళు, విరిగిన ఎముకకు రాడ్డు, గుండెకి స్టెంటు లాంటి వాటికి ప్రభుత్వ ప్యాకేజీ ధర ఐదు లక్షల దరిదాపుల్లోకి కూడా రాదు. క్యాన్సర్ ఏళ్ళ తరబడి సాగినప్పుడో, అవయవ మార్పిడి లాంటిది వచ్చినప్పుడో, ఒకే ఏడాది ఇంట్లో ఇద్దరు మంచాన పడినప్పుడో ఆ పరిమితి అక్కరకొస్తుంది. అందుకే నేనైతే ముందు వేరే విషయాలు చూస్తాను. ఈ జబ్బు, ఈ చికిత్స జాబితాలో ఉందా? మనం గంటలో చేరుకోగల ఆస్పత్రి ఆ కార్డును ఈ నెలలో తీసుకుంటోందా? డిశ్చార్జి అయ్యాక మందుల ఖర్చు ఎవరిది? పని మానేసి పడుకున్న నెల రోజులకీ ఇల్లు ఎలా గడుస్తుంది? కూలి మీద బతికే ఇంటిని అప్పుల పాలు చేసేది చాలాసార్లు ఆఖరి ప్రశ్నే. దానికి జవాబు చెప్పేది ఈ నాలుగింటిలో ఒక్కటే. దాని సంగతి కాసేపట్లో.

ఆరోగ్యశ్రీ: జాబితాలో ఉంటే అదృష్టమే

ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టిన పథకం ఇది. ఆంధ్రలో ఇది కొన్నాళ్ళు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024 నుంచి మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. బోర్డు మీద ఏ పేరున్నా జనం నోట్లో ఆరోగ్యశ్రీయే, ఇక్కడా అలాగే రాస్తాను.

పెద్ద ఆపరేషన్ల కోసం ముఖ్యమంత్రి సహాయ నిధికి వచ్చిపడే దరఖాస్తుల భారం నుంచి పుట్టిన ఆలోచన కాబట్టి, మొదటి నుంచీ ఇది గుండె, క్యాన్సర్, కిడ్నీ, మెదడు లాంటి పెద్ద జబ్బుల చుట్టూనే తిరిగింది. ఇప్పటికీ దీని స్వభావం అదే. జాబితాలో పేరున్న చికిత్సకు పైసా అడగరు, జాబితాలో లేనిదానికి పైసా ఇవ్వరు. ఆంధ్ర జాబితాలో 3,257 చికిత్సలు ఉన్నాయి. తెలంగాణలో 2024లో 163 కొత్తవి చేర్చడంతో 1,835 అయ్యాయి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఆంధ్ర దాదాపు రెట్టింపు ఇస్తోందని అనుకోవడానికి లేదు. ఒకే ఆపరేషన్‌ని ఒకచోట ఒక పద్దుగా, ఇంకోచోట మూడు పద్దులుగా రాసుకుంటారు. మీకు కావలసింది మీ చికిత్స పేరు అందులో ఉందో లేదో, అంతే.

ఇంకో చిక్కు ఉంది. జాబితాలో ఉన్నవాటిలోనూ కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆస్పత్రులకే కేటాయించారు. మీ పట్నంలోని నర్సింగ్ హోమ్‌కి ఆరోగ్యశ్రీ బోర్డు ఉండొచ్చు, ఆ ఆపరేషన్ మాత్రం 'గవర్నమెంటు ఆస్పత్రిలోనే చేయించుకోండి' అనొచ్చు. అది ఆస్పత్రివాళ్ళు తప్పించుకోవడానికి చెప్పే అబద్ధం కాకపోవచ్చు. ప్రతి ఆస్పత్రికీ కొన్ని విభాగాల్లోనే అనుమతి ఉంటుందన్నదీ గుర్తుంచుకోవాలి. ఎముకల విభాగానికి ఉన్న ఆస్పత్రికి గుండె విభాగం ఉండాలని లేదు.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. పథకంలో చేరిన, అంటే నెట్‌వర్క్ ఆస్పత్రిలో అడుగుపెట్టగానే రిసెప్షన్ పక్కనో, మెట్ల కిందో ఒక చిన్న బల్ల, కంప్యూటరు, వేలిముద్ర మిషను కనిపిస్తాయి. అక్కడ కూర్చునే మనిషి ఆరోగ్యమిత్ర, ఆంధ్రలో వైద్య మిత్ర. రేషన్ కార్డు, ఆధార్ చూపిస్తే పేరు నమోదు చేస్తారు. డాక్టరు పరీక్షలు రాస్తారు. ఆపరేషన్ అవసరమని తేలితే ఆ రిపోర్టులు, మంచం మీద పేషెంటు ఫొటో కలిపి పథకాన్ని నడిపే రాష్ట్ర ప్రభుత్వ ట్రస్టుకి పంపుతారు. అక్కడి డాక్టర్లు చూసి అప్రూవల్ ఇస్తారు. ఎమర్జెన్సీ అయితే ఫోన్లోనే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టొచ్చు, కాగితాలు తర్వాత. డిశ్చార్జి రోజున కొన్ని రోజుల మందులు, ఇంటికెళ్ళే బస్సు చార్జీ ఇవ్వాలి. కొన్ని పెద్ద చికిత్సలకి ఏడాది పాటు ఫాలోఅప్ ప్యాకేజీ కూడా ఉంటుంది. ఆ సంగతి ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, అడగాలి.

"ముందు ఇరవై వేలు అడ్వాన్స్ కట్టండి, అప్రూవల్ వచ్చాక తిరిగిస్తాం" అంటే అక్కడే ఆగండి. అప్రూవల్ రాకముందు చేసిన పరీక్షల దగ్గర వివాదాలు వస్తుంటాయి నిజమే, కానీ ఆమోదించిన చికిత్సకి పేషెంటు దగ్గర డబ్బు వసూలు చేయకూడదన్నది పథకం మూల నిబంధన. కట్టక తప్పని పరిస్థితి వస్తే రసీదు లేకుండా కట్టొద్దు. ఆ రసీదుతో 104కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించొచ్చు.

మా బంధువుల్లో ఒకావిడకి స్టెంటు వేయాల్సి వచ్చినప్పుడు ఓ ప్రైవేటు ఆస్పత్రిలో వినిపించిన మాట: "ఇది స్కీమ్ స్టెంటు, కాస్త కలిపితే ఫారిన్‌ది వేస్తాం." ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఆ మాట అంటే ఏ కొడుకైనా ఒళ్ళో ఉన్నదంతా ఊడ్చి ఇస్తాడు. స్టెంట్లకి కేంద్రం 2017 ఫిబ్రవరిలో గరిష్ఠ ధర కట్టింది. అప్పటిదాకా లక్ష పైన అమ్మిన మందు పూత స్టెంటు 29,600 రూపాయలకి దిగొచ్చింది. తర్వాత ఏటా కొద్దిగా సవరిస్తున్నారు, కానీ దేశీయమైనా విదేశీయమైనా ఆ గీత దాటి అమ్మడానికి లేదు. ఇది తెలిసినవాడు కనీసం "బిల్లులో రాసివ్వండి" అని అడగగలడు. చాలాసార్లు ఆ ఒక్క మాటతో బేరం ఆగిపోతుంది.

ఇక అసలు బలహీనత బకాయిలు. 2025లో తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ నెట్‌వర్క్ ఆస్పత్రులు ప్రభుత్వం నుంచి రావాల్సిన డబ్బు రాలేదని సేవలు ఆపేశాయి. అలాంటి రోజుల్లో చేతిలో 25 లక్షల కార్డున్నా వెనక్కి తిరగాల్సిందే. అందుకే ముందుగా పెట్టుకున్న ఆపరేషన్ అయితే బయల్దేరే ముందే ఆ ఆస్పత్రి మిత్రకి ఫోన్ చేసి "ఇప్పుడు కేసులు తీసుకుంటున్నారా?" అని అడగండి. ఆగకుండా నడిచేది ప్రభుత్వ బోధనాస్పత్రులే: గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటివి. క్యూ ఎక్కువ, మంచం దొరకడం కష్టం, అయినా బకాయిల పేరుతో గేటు మూయరు.

ఆంధ్రవాళ్ళు ఒక మార్పు గమనించాలి. 2025 సెప్టెంబరులో అక్కడి కేబినెట్ కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. 2.5 లక్షల వరకు బీమా కంపెనీ ద్వారా, ఆ పైన 25 లక్షల దాకా పేద కుటుంబాలకు ట్రస్టు ద్వారా ఇచ్చే హైబ్రిడ్ పద్ధతి. దారిద్య్రరేఖకు పైనున్న కుటుంబాలకూ మొదటి 2.5 లక్షల రక్షణ ఇవ్వాలన్నది అందులో కొత్త సంగతి. మీ కేసు ఏ దారిలో వెళ్తోందో మిత్రని అడిగి తెలుసుకోండి. బీమా కంపెనీ మధ్యలోకి వస్తే కాగితాల పరిశీలన పెరుగుతుంది కాబట్టి ఒరిజినల్ రిపోర్టులు చేతిలో ఉంచుకోవడం మంచిది.

కార్డులో పేరు లేకపోతే

ఆంధ్రలో 2019లో వచ్చిన ప్రభుత్వం ఆరోగ్యశ్రీకి ఆదాయ పరిమితిని ఏడాదికి 5 లక్షలకు తీసుకెళ్ళింది. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకి (అక్కడి రేషన్ కార్డు) పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. అర్హత ఉన్నవాళ్ళు కూడా ఎక్కువగా ఇరుక్కునేది ఆదాయం దగ్గర కాదు, పేరు దగ్గర. కొత్త కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే, వేరే జిల్లాలో ఉంటుంది. అక్కడ తీసేయించలేదు, ఇక్కడ చేర్పించలేదు. మూడేళ్ళ పిల్లాడి పేరు ఏ కార్డులోనూ లేదు. ఆధార్‌లో 'వెంకట లక్ష్మి', రేషన్ కార్డులో 'వెంకటలక్ష్మమ్మ'. జబ్బు వచ్చాక తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం కంటే, అందరూ బాగున్నప్పుడే ఒక పూట కూర్చుని కార్డులో ఉన్న పేర్లు, ఆధార్‌లో ఉన్న పేర్లు సరిచూసుకోండి. ఇంతకన్నా లాభసాటి అరపూట పని ఏడాదిలో ఇంకోటి ఉండదు.

ఆయుష్మాన్: ఎక్కడ ఉపయోగం

2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రధాని మొదలుపెట్టిన పథకం. 2011 సామాజిక, ఆర్థిక సర్వే ఆధారంగా కుటుంబాలను గుర్తించారు. కుటుంబంలో ఎంతమంది ఉన్నా పరవాలేదు, పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. అడ్మిట్ కాకముందు మూడు రోజులు, డిశ్చార్జి అయ్యాక పదిహేను రోజుల మందులు, పరీక్షలు ప్యాకేజీలోనే.

ఆరోగ్యశ్రీ మంచిదా, ఆయుష్మాన్ మంచిదా అని చాలామంది అడుగుతారు. సొంత రాష్ట్రంలో ఉన్నంతకాలం ఈ ప్రశ్నకి పెద్దగా అర్థం లేదు. తెలంగాణ 2021లో ఆయుష్మాన్‌లో చేరింది, ఆంధ్ర అంతకు ముందే కలిపింది. రెండుచోట్లా రాష్ట్ర ట్రస్టే రెండింటినీ నడుపుతుంది. మీ చికిత్స ఏ పద్దు కింద రాయాలన్నది వాళ్ళు చూసుకుంటారు. పేషెంటుకి తేడా తెలియదు.

తేడా తెలిసేది రెండు చోట్ల. మొదటిది, రాష్ట్రం దాటినప్పుడు. పాలమూరు నుంచి ముంబైకి, సూరత్‌కి వెళ్ళే కూలీలు, అనంతపురం నుంచి బెంగళూరు కట్టడాలకి వెళ్ళే మేస్త్రీలు, సిక్కోలు నుంచి దేశమంతా తిరిగే వలస కార్మికులు ఆయుష్మాన్ కార్డు వెంట పెట్టుకోవాలి. పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా ఆ పథకంలో నమోదైన ఆస్పత్రిలో చెల్లుతుంది. ఆంధ్రవాళ్ళకి 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో ఆరోగ్యశ్రీ సూపర్ స్పెషాలిటీ చికిత్సలు కూడా పెట్టారు. కానీ సూరత్‌లో కాలు విరిగితే అది అక్కడికి రాదు. ఆరోగ్యశ్రీ ఉన్న ప్రతి ఇంటికీ ఆయుష్మాన్ ఉంటుందనుకోవద్దు. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ నంబరు కొట్టి చూసుకోవచ్చు, లేదంటే 14555కి ఫోన్ చేయొచ్చు.

రెండోది, ఇంట్లో డెబ్బై నిండిన పెద్దవాళ్ళు ఉన్నప్పుడు. 2024 అక్టోబరు 29 నుంచి ఆధార్‌లో వయసు 70 నిండితే చాలు, ఆదాయంతో పని లేకుండా 'వయ వందన' కార్డు ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షలు. ఇల్లు ఇప్పటికే ఆయుష్మాన్‌లో ఉంటే పెద్దవాళ్ళకి విడిగా ఇంకో 5 లక్షలు, మిగతావాళ్ళ వాటా తగ్గదు. భార్యాభర్తలిద్దరికీ డెబ్బై దాటితే ఆ ఐదు లక్షలు ఇద్దరికీ కలిపి. కొడుకు జీతం వల్ల రేషన్ కార్డు పోయిన ఇళ్ళల్లో అమ్మానాన్నలకి దొరికిన పెద్ద సర్కారు రక్షణ ఇదే. ప్రైవేటు కంపెనీలు డెబ్బై ఏళ్ళ షుగర్ పేషెంటుకి అడిగే ప్రీమియం ఒకసారి కనుక్కుంటే దీని విలువ తెలుస్తుంది. మీ అమ్మమ్మకీ, నాన్నగారికీ ఇంకా తీయించకపోతే ఈ వారమే ఆ పని చూడండి. దగ్గర్లో ఏ ఆస్పత్రి ఆయుష్మాన్ తీసుకుంటుందో కూడా అప్పుడే రాసి పెట్టుకోండి.

ఈఎస్‌ఐ: అందరూ తిట్టుకునేది, నేను మాత్రం వదలొద్దనేది

పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ఫ్యాక్టరీ, షాపు, సెక్యూరిటీ ఏజెన్సీ, హోటల్ లాంటి చోట నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. దివ్యాంగులకు 25,000. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. 16,000 జీతగాడికి చేతిలోంచి పోయేది నెలకి 120 రూపాయలు, యజమాని కలిపేది 520.

"ఆ డిస్పెన్సరీలో మందులుండవు, రోజంతా లైన్లో నిలబడాలి, ఆ 120 రూపాయలు చేతికిస్తే పోలా?" అనే మాట ప్రతి పారిశ్రామికవాడలోనూ వినిపిస్తుంది. అందులో అబద్ధం లేదు. డిస్పెన్సరీ నుంచి ఈఎస్‌ఐ ఆస్పత్రికి, అక్కడ్నించి ఒప్పందం ఉన్న (టై-అప్) ప్రైవేటు ఆస్పత్రికి రెఫరల్ చీటీ పట్టుకుని తిరగడం ఓపిక ఉన్నవాళ్ళ పని. సనత్‌నగర్ ఆస్పత్రి మెడికల్ కాలేజీతో పెద్దదిగా ఉంది కాబట్టి హైదరాబాద్ వాళ్ళకి కొంత నయం. నాచారం, విజయవాడ గుణదల, విశాఖ మల్కాపురం చుట్టుపక్కల వాళ్ళకీ దగ్గర. అనుబంధ ఆస్పత్రి లేని చిన్న పట్నంలో ఉన్నవాళ్ళకి మాత్రం నిజంగా ఇబ్బందే.

అయినా ఎందుకు వదలొద్దంటున్నానంటే, పోయిన కూలికి డబ్బిచ్చేది ఈ ఒక్కటే. లెక్క చూడండి. 16,000 జీతం ఉన్న సెక్యూరిటీ గార్డుకి కామెర్లు వచ్చి నెలన్నర పడుకున్నాడనుకుందాం. ఆరోగ్యశ్రీలో చికిత్స ఉచితంగా జరిగినా ఆ నెలన్నర జీతం గాల్లో కలిసినట్టే. ఈఎస్‌ఐలో జబ్బు సెలవుకి రోజు సగటు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. అతనికి రోజుకి సుమారు 373 రూపాయలు పడుతుంది. నెలన్నరకి పదహారు వేల పైమాటే. పూర్తి 91 రోజులైతే దాదాపు 34 వేలు. టీబీ, క్యాన్సర్, పక్షవాతం లాంటి దీర్ఘవ్యాధుల జాబితాలో ఉంటే 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా పొడిగిస్తారు. పనిలో ప్రమాదం జరిగి కొన్నాళ్ళు పనికి వెళ్ళలేకపోతే 90 శాతం. ఆడవాళ్ళకి కాన్పుకి 26 వారాల పూర్తి జీతం. బట్టల షాపులో 14 వేలకి పనిచేసే అమ్మాయికి ఇంకే పథకంలోనూ ఇంత డబ్బు రాదు.

దీనికి షరతులున్నాయి. జబ్బు సెలవు డబ్బు రావాలంటే అంతకుముందు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. కాన్పు డబ్బుకి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులు. సూపర్ స్పెషాలిటీ చికిత్సకి కొన్నాళ్ళ సర్వీసు నిండాలి. మామూలు వైద్యం మాత్రం చేరిన రోజు నుంచే, భార్యాపిల్లలకీ, మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకీ కలిపి.

జీతం స్లిప్పులో కటింగ్ చూసి ఊరుకోవద్దు. కట్ చేసి ఈఎస్‌ఐ కార్పొరేషన్‌కి కట్టని యజమానులు ఉన్నారు. మీ పదంకెల నంబరుతో ఈఎస్‌ఐసీ పోర్టల్లోనో, ఉమంగ్ యాప్‌లోనో ఎన్ని రోజుల చందా పడిందో చూడొచ్చు. చూసుకోవడం నెలకోసారి అలవాటు చేసుకుంటే మంచిది. ఇంకో సంగతి, ఐదొందలు పెంచి జీతాన్ని 21,000 గీత దాటించి ఈఎస్‌ఐలోంచి బయటికి నెట్టే తెలివి కొన్ని కంపెనీలకుంది. ఓవర్‌టైమ్‌ని ఆ గీతకి లెక్కలోకి తీసుకోకూడదు. నిజంగా జీతం దాటినా నడుస్తున్న చందా కాలం అయ్యేదాకా కవరేజీ ఉంటుంది. ఐదేళ్ళకి తక్కువ కాకుండా బీమాలో ఉండి రిటైరైనవాళ్ళు ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం పొందొచ్చు. దీన్ని వాడుకునేవాళ్ళు చాలా తక్కువమంది.

రేషన్ కార్డు, ఈఎస్‌ఐ రెండూ ఉన్న ఇంట్లో ఏది వాడాలి? ఆరోగ్యశ్రీ నిబంధనల్లో మొదటినుంచీ ఒక మాట ఉంది: అదే జబ్బుకి ఈఎస్‌ఐ లాంటి వేరే పథకం రక్షణ ఉన్నవాళ్ళకి ఇది వర్తించదు. కాబట్టి ఉద్యోగి, ఈఎస్‌ఐలో నమోదైన కుటుంబ సభ్యులు ఈఎస్‌ఐ దారిలోనే వెళ్ళడం నియమం. ఎమర్జెన్సీలో మాత్రం దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రికి ముందు చేర్చండి, ఆ తర్వాత ఈఎస్‌ఐ వాళ్ళకి సమాచారం ఇవ్వండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు డిస్పెన్సరీ చీటీ కోసం పరుగెత్తొద్దు. ఏ దారిలో చికిత్స జరిగినా జబ్బు సెలవు సర్టిఫికెట్ విషయం ఈఎస్‌ఐ డాక్టరుతో మాట్లాడుకోవడం మర్చిపోవద్దు. ఆ కాగితం లేకపోతే డబ్బు రాదు.

బీపీ, షుగర్ మాత్రలు ఎవరిస్తారు?

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ రెండూ అడ్మిట్ అయినవాళ్ళ పథకాలు. నెలనెలా మెడికల్ షాపులో కట్టే వెయ్యి, పదిహేను వందలు వీటిలో రావు. ఇస్తే ఈఎస్‌ఐ డిస్పెన్సరీ ఇవ్వాలి, లేదంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, హైదరాబాద్‌లో బస్తీ దవాఖానా. తెలంగాణలో రక్త పరీక్షలకి ప్రభుత్వ డయాగ్నస్టిక్ కేంద్రాలు ఉన్నాయి. అక్కడ దొరకని మాత్రలకి, చవకగా జెనరిక్ మందులు అమ్మే జనౌషధి షాపు. బ్రాండు పేరు కాకుండా మందు పేరు రాసివ్వమని డాక్టర్ని అడిగితే అక్కడ కొనడం తేలిక.

ప్రైవేటు పాలసీ ఎవరికి?

రేషన్ కార్డు ఉన్న ఇంటికి ఏజెంటు వచ్చి పాలసీ అంటగడితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. రెండింటినీ ఒకే బిల్లులో కలిపి వాడుకోవచ్చనే లెక్క వేసుకోవద్దు. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ కింద చేరితే అదే మొత్తం ఖర్చు, పైన కలిపేది ఉండదు. ఆ ప్రీమియం డబ్బును చేతిలో అత్యవసర నిధిగా ఉంచుకోవడమే ఆ ఇంటికి మేలని నా అభిప్రాయం.

నిజంగా అవసరమైంది మధ్యలో చిక్కుకున్నవాళ్ళకి. జీతం 24 వేలు, ఈఎస్‌ఐ గీత దాటింది. రేషన్ కార్డు రద్దయింది. కంపెనీ గ్రూప్ పాలసీ లేదు. వీళ్ళు ఏ పథకానికీ చెందరు. వీళ్ళకి 'ఆరోగ్య సంజీవని' పేరుతో 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్ముతున్న పాలసీ నుంచి మొదలుపెట్టమంటాను. షరతులు ఒకటే కాబట్టి ప్రీమియం, మీ ఊరి నెట్‌వర్క్ ఆస్పత్రులు మాత్రం పోల్చుకుంటే చాలు. ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మనమే భరించాలి. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, రోజుకి 5,000కి మించకుండా. మొదటి 30 రోజులు ప్రమాదాలకి తప్ప క్లెయిమ్ ఉండదు. పాత జబ్బులకి వేచి ఉండాల్సిన కాలం ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ 2024లో దాన్ని గరిష్ఠంగా మూడేళ్ళకి తగ్గించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఫారంలో షుగర్, బీపీ దాచొద్దు. "రాయకపోయినా ఏం కాదు సార్" అనే ఏజెంటు క్లెయిమ్ రోజున ఫోన్ ఎత్తడు.

ఏదీ వర్తించకపోతే

చికిత్స జాబితాలో లేదు, లేదా కార్డే లేదు, ఆపరేషన్ ఆపడానికి లేదు. అప్పుడు ముఖ్యమంత్రి సహాయ నిధి. దీనికి రెండు దారులు. ముందే అంచనా ఖర్చు పత్రం పెట్టి ఎల్‌ఓసీ (డబ్బు మేం కడతామని ప్రభుత్వం ఇచ్చే హామీ పత్రం) తెచ్చుకుంటే ఆస్పత్రి ఆ మేరకు డబ్బు అడగదు. హైదరాబాద్ నిమ్స్‌లో చేరేవాళ్ళు ఎక్కువగా వాడే దారి ఇది. రెండోది, డబ్బు కట్టేశాక తిరిగి అడగడం. సాధారణంగా ఎమ్మెల్యేనో ఎంపీనో సిఫారసు లేఖ ఇస్తారు. తెలంగాణలో 2024 జూలై నుంచి దరఖాస్తు ఆన్‌లైన్లోనే. రెండో దారిలో కట్టిందంతా తిరిగి రాదు, కొంత భాగమే వస్తుంది. కావలసింది ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ లేదా ఆదాయ పత్రం, బ్యాంకు పాసుబుక్కు. జిరాక్సులు చెల్లవు కాబట్టి డిశ్చార్జి రోజునే ప్రతి బిల్లు మీదా ఆస్పత్రి ముద్ర, సంతకం ఉన్నాయో లేదో చూసుకుని, ఒక సెట్టు జిరాక్స్ మీ దగ్గర ఉంచుకుని ఒరిజినల్స్ ఇవ్వండి.